పార్టు వచ్చాక ఫోన్ చేస్తాను

బండి స్టార్ట్ కాకపోవడానికి కారణాలు నాలుగే, మిగిలినవన్నీ ఓనర్లు చెప్పే కథలు అని దేవదానం అంటుండేవాడు. బ్యాటరీ, సెల్ఫ్, పెట్రోలు, కరెంటు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళుగా అతని రేకుల షెడ్డుకి వచ్చిన ప్రతి బండీ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి లొంగింది. అందుకే ఆ మంగళవారం పొద్దున్న లారీ మీంచి ఒక తెల్లకారును దించుతుంటే, అతను టీ గ్లాసు కింద పెట్టకుండానే చూస్తూ నిలబడ్డాడు.

ఆ షెడ్డు గురించి ఒక మాట ముందే చెప్పాలి. అక్కడ పుస్తకం లేదు, కంప్యూటరు లేదు. ఎడమవైపు రేకు గోడ మీద సుద్దముక్కతో రాసిన ఫోన్ నంబర్లు ఉంటాయి. పార్టు దొరక్కపోతే అప్పటికి ఒక వైరు ముక్క కలిపి బండిని నడిపించి పంపేస్తారు, దాన్నే ఆటోనగర్‌లో 'డైరెక్ట్ చెయ్యడం' అంటారు. అలా పంపిన బళ్ళ ఓనర్ల నంబర్లవి. పార్టు రాగానే ఫోన్ చేసి, బండిని రప్పించి, కొత్తది వేసి, నంబరు చెరిపెయ్యాలి. దేవదానానికి పని నేర్పిన గురువు పెట్టిన పద్ధతి ఇది, చెప్పుకోవడానికి చాలా గొప్ప పద్ధతి. కాకపోతే డైరెక్ట్ చేసిన బండి బ్రహ్మాండంగా తిరుగుతుంది, తిరిగే బండి గురించి ఫోన్ చేసే మెకానిక్కు ఇంకా పుట్టలేదు. ఆ రోజుకి గోడ మీద ఇరవై మూడు నంబర్లున్నాయి. కొన్నింటి మీద మసి పట్టి అంకెలు కూడా సరిగా కనబడటం లేదు.

లారీ క్యాబిన్‌లోంచి యాభై దాటిన ఒకావిడ దిగింది. పేరు భ్రమరాంబ. కంకిపాడు అవతల పల్లెటూరు, భర్త నాగభూషణం పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాడు.

"గ్లవ్ బాక్సులో మీ కార్డు దొరికిందండీ" అంది. "ఆయన బండి పనులన్నీ ఎక్కడ చేయించేవారో నాకు తెలీదు. అందుకని ఇక్కడికే తెచ్చాను."

"ఏంటమ్మా కంప్లయింటు?"

"స్టార్ట్ కాలేదు."

"ఎప్పట్నించి?"

"ఎనిమిది నెలలైంది."

దేవదానం నవ్వబోయి ఆగాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుని సంచీలోంచి కళ్ళజోడు వెతికి తీసింది. దానితోపాటు రెండు ఫోన్లు కూడా బయటికొచ్చాయి, ఒకటి మామూలుది, రెండోది బటన్ల ఫోను. ఆ రెండో దాన్ని జాగ్రత్తగా మళ్ళీ లోపల పెట్టుకుంది.

"బాగుచెయ్యక్కర్లేదండి. ఆ రోజు ఎందుకు స్టార్ట్ కాలేదో చెబితే చాలు."

ఆ రోజు పొద్దున్న ఏడున్నరకి నాగభూషణానికి గుండెలో నొప్పొచ్చింది. ఊళ్ళో అంబులెన్సు కోసం ఎదురుచూసే బదులు కారులో తీసుకుపోదామని ఆవిడే ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టింది. డ్రైవింగు ఆవిడకి ఆయనే నేర్పాడు, కాలువ గట్టు మీద, రెండేళ్ళ కిందట. తాళం తిప్పింది. సెల్ఫ్ తిరిగింది గాని ఇంజన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది. బ్యాటరీ అడుగంటేదాకా తిప్పుతూనే ఉంది. పక్కింటివాళ్ళు వేరే బండి తెచ్చేసరికి ఆయన లేడు.

"నేను తిప్పుతుంటే ఆయన ఏదో అన్నారు. ఆ హోరులో వినబడలేదు. 'నొక్కు' అన్నది ఒక్కటే చెవిన పడింది. యాక్సిలేటర్ నొక్కమన్నారేమో అనుకుని ఇంకా గట్టిగా నొక్కాను. ఆఖర్న బ్యాటరీ చచ్చిపోయాక, 'పోనీలే భ్రమా, పోనీలే' అన్నారు. ఏది పోనీలే అన్నారో తెలీదు." ఆవిడ ఎన్నోసార్లు చెప్పుకున్న మాటలవి. "యాభై ఏళ్ళకి డ్రైవింగు నేర్చుకున్న మనిషి చేతిలో మా అన్న ప్రాణం పెట్టాడు అంటాడు మా మరిది. తొక్కకూడనిది తొక్కి ఇంజన్లో పెట్రోలు నింపేశానంట. నిజమైతే నిజమని చెప్పండి. తెలుసుకుని బతుకుతాను."

"అప్పట్నించీ బండి కదల్లేదా అండీ?" అని అడిగింది లోపల్నించి వచ్చిన ఎస్తేరు.

ఎస్తేరు దేవదానం కూతురు. హైదరాబాదులో ఒక లోహాల ప్రయోగశాలలో పనిచేస్తుంది. పదిహేను రోజులుగా తండ్రి షెడ్డులోనే ఉంటూ తాను తయారుచేసిన పరికరాన్ని పరీక్షిస్తోంది. గుర్రపునాడా ఆకారంలో ఒక అయస్కాంతం, దానికో తీగ, ఒక పెట్టె, ఒక జత హెడ్‌ఫోన్లు. షెడ్డువాళ్ళు దాన్ని ఇనపచెవి అంటున్నారు.

"కదల్లేదమ్మా. మళ్ళీ తాళం పెట్టింది కూడా లేదు" అంది భ్రమరాంబ.

ఎస్తేరు కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు దేవదానానికి అర్థమైంది. ఇలాంటి బండి కోసమే ఆమె ఎదురుచూస్తోంది. నెలాఖరులోగా ఒక్క కేసైనా చూపించకపోతే ఆ పరికరానికి ల్యాబ్‌లో చోటుండదు.

"నాన్నా, గిన్నెలో పేరిన నెయ్యి లాంటిదే ఇనుము కూడా" అని మొదటిరోజే చెప్పింది ఆమె. "వేలు పెడితే గుర్తు పడుతుంది. వేడిచేస్తే పోతుంది. దగ్గర్లో ఏ చప్పుడైనా దాన్ని కాస్త నొక్కి వెళుతుంది. ఆ గుర్తుల్నే ఇది మళ్ళీ చప్పుడు చేసి వినిపిస్తుంది. బండి రోజూ తిరిగితే పాత గుర్తులు చెరిగి కొత్తవి పడతాయి. సెల్ఫ్ ఎంత తిరిగినా పరవాలేదు, ఇంజన్ అందుకుని నిమిషం నడిచిందంటే మాత్రం అంతా తుడిచిపెట్టుకుపోతుంది."

రికార్డు చేసే ఏర్పాటు అందులో లేదు. తీసేశారు. ల్యాబ్‌లో చైనులు అనే ఉద్యోగి ఒకతను చనిపోయిన తన తండ్రి సైకిలును తీసుకొచ్చి దాని ఫ్రేముకి ఇది తగిలించాడు. తండ్రి కూనిరాగం తీస్తూ తొక్కుతున్న అయిదు నిమిషాలు దొరికాయి. వాటిని రికార్డు చేసుకుని అన్నం తింటూ, బస్సులో వెళుతూ, మీటింగుల్లో కూర్చుని వింటూ మూడు నెలలు గడిపాడు. ఒకరోజు పిలిస్తే పలకలేదు. పక్కనుండే మనుషుల గొంతులు అతని చెవికి ఎక్కడం మానేశాయి. అప్పట్నించి ఇనుములో దొరికింది ఇనుములోనే ఉండాలని నియమం పెట్టారు. ఎస్తేరు ఇంకో అడుగు ముందుకేసి, మనుషుల గొంతులు తాను వినకూడదని పెట్టుకుంది. ఇంజను చప్పుడు వినే పని తండ్రిదే.

ఎస్తేరు డాష్‌బోర్డు కింద ఉన్న ఇనపకడ్డీకి అయస్కాంతం తగిలించి, హెడ్‌ఫోన్లు తండ్రికిచ్చి, పెట్టె మీది మరను మెల్లగా తిప్పింది. "హోరు తగ్గిస్తున్నాను. ఏదైనా తెలిస్తే చెయ్యెత్తు."

దేవదానానికి ముందు సెల్ఫ్ వినబడింది. ఆరోగ్యంగానే తిరుగుతోంది. దాని వెనకాల ఉండాల్సిన ఒక చిన్న చప్పుడు లేదు. తాళం తిప్పగానే వెనకసీటు కింద పెట్రోలు పంపు గుయ్‌మని రెండు క్షణాలు మోగాలి. మోగలేదు. యాక్సిలేటర్ ఎంత తొక్కితే ఏం లాభం, ఇంజన్లోకి చుక్క పెట్రోలు రాందే. ఈవిడ తప్పేం లేదు, పంపుకి కరెంటు అందలేదంతే. ఆ మాట చెబుదామని చెయ్యి సగం ఎత్తాడు.

అప్పుడు హోరు తగ్గి మనిషి గొంతొకటి బయటికొచ్చింది. ఊపిరికి ఊపిరికి మధ్య మాట కూడదీసుకుంటున్న గొంతు.

"భ్రమా... ఆపు. ఒక్కసారి తాళం ఆపు. బానెట్ ఎత్తు. బ్యాటరీ పక్కన నల్లడబ్బా. మూత తీసి, టేపు చుట్టిన వైరుంటది... లోపలికి నొక్కు. నొక్కు భ్రమా."

దేవదానం చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఆ మాటలు పోస్టుమాస్టరువి కావు. డైరెక్ట్ చేసిన ప్రతి బండి ఓనరుకీ తాళం చేతిలో పెడుతూ తాను చెప్పే మాటలవి, ఒక్క అక్షరం తేడా లేదు. ఎప్పుడన్నా ఆగితే కంగారుపడొద్దండి, బ్యాటరీ పక్కన నల్లడబ్బా ఉంటది, మూత తీసి, టేపు చుట్టిన వైరు లోపలికి నొక్కండి. పార్టు వచ్చాక ఫోన్ చేస్తాను.

"ఏం వినబడిందండీ?" అంది భ్రమరాంబ.

అతను హెడ్‌ఫోన్లు తీసి తొడ మీద పెట్టుకున్నాడు. "గోలగా ఉందమ్మా. సరిగ్గా తెలియట్లా. రేపు ఇంకోసారి చూస్తా. రేపు పొద్దున్నే రండి."

ఆవిడ బస్సుకి వెళ్ళిపోయాక బానెట్ ఎత్తి నల్లడబ్బా మూత తీశాడు. పెట్రోలు పంపుకి కరెంటు అందించే రిలే ఉండాల్సిన గూట్లో వైరు ముక్క. ఒక కొస జారి బయటికొచ్చి ఉంది. దాని మీద చుట్టిన టేపు చివర త్రికోణంలా మడిచి ఉంది. తరవాత విప్పేవాడికి గోరు ఆనాలని అలా మడుస్తారు. గురువు నేర్పిన మడత, ఆటోనగర్‌ మొత్తంలో ఇప్పుడా మడత పెట్టేది దేవదానం ఒక్కడే.

గోడ దగ్గరకెళ్ళి వెతికాడు. కింద నుంచి నాలుగో వరసలో ఉంది. ఒక నంబరు, పక్కన 'రిలే, కంకిపాడు' అని. ఆ రిలే అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. మర్నాటికే దుకాణానికి వచ్చి ఉంటుంది. ఆ మర్నాడు తానేం చేస్తున్నాడో గుర్తుతెచ్చుకోవాలని చాలాసేపు చూశాడు. గుర్తు రాలేదు. అంత మామూలు రోజన్నమాట.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం ముందు కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతుంటే దాని వెనక ఎవరో మాట్లాడుతున్నట్టుంది. గరిటె గిన్నెకి తగిలితే ఉలిక్కిపడ్డాడు. తాను ముప్పై ఏళ్ళలో ముట్టుకున్న ఇనుమంతా తన మాటల్ని దాచిపెట్టుకుని ఊరూరా తిరుగుతోందనిపించింది.

"ఏం విన్నావు నాన్నా?" అంది ఎస్తేరు.

దాచలేక అంతా చెప్పాడు. ఆమె కంచం పక్కకి జరిపింది.

"పంపుకి కరెంటు రాలేదని చెప్పేస్తే సరిపోద్ది" అన్నాడు దేవదానం. "అబద్ధం కాదుగా. ఆమె తప్పులేదని తేలిపోద్ది. ఆ మాటలు వినిపిస్తే ఏమవుద్దో తెలుసా? ఒక్క క్షణం తాళం ఆపుంటే ఆయన మాట వినబడేది, బండి కదిలేది అని తెలిసిపోద్ది. ఇప్పుడు మోసేదానికంటే అది పెద్ద బరువు. నేను చెప్పకపోడం ఆవిడ మంచికే."

"ఆవిడ మంచికేనా?"

జాలి ఎక్కడ ఆగిందో, భయం ఎక్కడ మొదలైందో అతనికే తెలియడం లేదు.

"నీ మిషను బండి రోగం చెబుద్దనుకున్నానే" అన్నాడు చివరికి. "చేసినోడి రోగం చెబుతోంది."

మర్నాడు ఏడుకే షెడ్డు తీసి ఒంటరిగా తెల్లకారు దగ్గర నిలబడ్డాడు. బ్యాటరీ మార్చాడు. జారిన వైరు కొసని బొటనవేలితో లోపలికి నొక్కాడు. డ్రైవరు సీట్లో కూర్చుని తాళం సగం తిప్పాడు. వెనకసీటు కింద పంపు గుయ్‌మంది, రెండు క్షణాలు, ఎనిమిది నెలలుగా ఏమీ జరగనట్టే. ఇంకో పావు మలుపు తిప్పితే ఇంజన్ అందుకుంటుంది. నిమిషం నడిస్తే నాగభూషణం గొంతు నెయ్యి కరిగినట్టు కరిగిపోతుంది. దానితోపాటు దేవదానం చేసింది కూడా. అతని చెయ్యి తాళం మీదే ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ సీటు వైపు చూడకుండా ఉండటానికి అతను చేసిన ప్రయత్నమే అతన్ని చూసేలా చేసింది. సీటు అంచున గుడ్డ కాస్త చిరిగి ఉంది, ఎవరో గుప్పిటతో పట్టుకుని లాగినట్టు.

"అయిందా అండీ?"

భ్రమరాంబ షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. మొదటి బస్సుకే వచ్చేసింది.

దేవదానం తాళం వెనక్కి తిప్పి, పీకి, కిందికి దిగాడు. ఎదురుగా నిలబడి చెప్పాడు. కూర్చుని చెప్పగలిగే మాట కాదది.

"అమ్మా, మీరు తొక్కినదాంట్లో తప్పులేదు. పెట్రోలు పంపుకి కరెంటు రాలా. రిలే పోతే నేనే వైరేసి డైరెక్ట్ చేశా. పార్టు వచ్చాక ఫోన్ చేస్తానని మీ ఆయనకి చెప్పా. చెయ్యలా. ఆ వైరే జారింది." గోడ వైపు చూపించాడు. "ఆ నంబరే."

ఆవిడ గోడ దగ్గరకెళ్ళి సుద్దతో రాసిన ఆ అంకెల్ని వేలితో తాకకుండా చదువుకుంది. చదువుతుంటే పెదాలు కదిలాయి.

"ఆయన రెండుమూడుసార్లు అన్నారు" అంది గోడ వైపే చూస్తూ. "ఆటోనగర్ నుంచి ఫోన్ రావాలి, వస్తే వెళ్ళాలి అని. ఫోను పక్కనే పెట్టుకు కూర్చునేవారు." ఇటు తిరిగింది. "మరి 'నొక్కు' అన్నది?"

అక్కడే ఆగిపోవచ్చు. నిన్నంతా అతను తయారుచేసి పెట్టుకున్న అబద్ధం నాలుక మీదే ఉంది. వినబడలేదమ్మా, అంటే చాలు. కానీ ఎనిమిది నెలలు ఒక్క మాటను పట్టుకుని బతికిన మనిషికి మిగతా మాటలు లేవని చెప్పే హక్కు, వాటిని దొంగిలించినవాడికి ఎక్కడుంటుంది?

"వినబడిందమ్మా. విన్నాక మీకు బాధ తగ్గదు, పెరుగుద్దేమో. వింటానంటే వినండి, వద్దంటే ఇప్పుడే ఇంజన్ స్టార్ట్ చేస్తా, పోద్ది. మీ ఇష్టం."

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. ఎస్తేరు వచ్చి హెడ్‌ఫోన్లు తొడిగి, మర సర్ది, బయటికొచ్చి తండ్రి పక్కన నిలబడింది. ఇద్దరూ అద్దంలోంచి ఆవిడ వీపునే చూశారు. ఆవిడ కదల్లేదు. ఒకసారి మాత్రం ఆవిడ కుడిచెయ్యి లేచి తాళం ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ తాళం లేదు. ఆ చెయ్యి అక్కడే, ఏదో ఆపుతున్నట్టు ఆగింది.

బయటికొచ్చాక ఆవిడ మొహం కడుక్కుంది. దేవదానమే బకెట్లో నీళ్ళు పెట్టాడు.

"ఇదన్నమాట పోనీలే అన్నది" అంది.

"కేసు పెట్టండమ్మా. నేను కాదనను. పోలీసుల దగ్గర కూడా ఇదే చెబుతా."

"మీ చేతుల మీద కేసు పెడితే నా చెవుల మీద కూడా పెట్టాలి. మీరు ఆయనకి చెప్పారు. ఆయన నాకు చెప్పారు. నేనే వినలేదు."

"అది చెప్పాల్సింది కాదమ్మా" అన్నాడు దేవదానం. "మార్చాల్సింది."

ఆవిడ తరవాత సంచీ భుజాన వేసుకుంది. "బండి ఇక్కడే ఉండనివ్వండి. స్టార్ట్ చెయ్యొద్దు. కొన్నాళ్ళు ఆయన గొంతుని అందులో ఉండనివ్వండి" అని వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి అయ్యాక దేవదానం కంకిపాడు బస్సెక్కాడు. అవతల వాళ్ళ పల్లెటూళ్ళో, భ్రమరాంబ మరిది ఇంటి వాకిట్లో, నలుగురూ వింటుండగా, బండి ఎందుకు స్టార్ట్ కాలేదో చెప్పాడు. ఆవిడ తప్పులేదన్నాడు. మరిది కొట్టడానికి చెయ్యెత్తి, అతను కదలకపోవడం చూసి, చెయ్యి దించేసి లోపలికి పోయాడు. దేవదానానికి ఆ దెబ్బ పడుంటే బాగుండుననిపించింది.

ఎస్తేరు తన పరికరాన్ని పెట్టెలో సర్దుకుని వెళ్ళిపోయింది. నివేదికలో 'పెట్రోలు పంపు రిలే లోపం, గుర్తించబడింది' అని ఒక్క ముక్క రాసింది. గొంతు సంగతి రాయలేదు. ఆ ఒక్క ముక్క ల్యాబ్‌వాళ్ళకి చాలదని ఆమెకి తెలుసు.

దేవదానం మాత్రం గోడ ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పై వరస నుంచి మొదలుపెట్టి ఒక్కో నంబరుకీ ఫోన్ చేశాడు. "ఆటోనగర్ నుంచి దేవదానాన్నండి. మీ బండికి ఒక వైరు వేశాను. మార్చాలి. రండి." కొందరికి అతనెవరో గుర్తులేదు. ఒకాయన బండి అమ్మేశానన్నాడు, కొన్నవాడి నంబరు సంపాదించడానికి రెండు రోజులు పట్టింది. ఇంకొకాయన, బానే తిరుగుతోంది కదయ్యా, కొత్తగా బేరాల్లేవా, అని నవ్వాడు. దేవదానం అతన్ని బతిమాలాడు. ఆటోనగర్‌లో కస్టమరు మెకానిక్కుని బతిమాలడం అందరూ చూశారుగాని ఇలా తిరగేసి ఎవరూ చూడలేదు. మసిపట్టి అంకెలు కనబడని రెండు నంబర్లకి ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు. తొమ్మిదో ఏడో తేలక రెండు రకాలుగానూ చేసి, ఎవరెవరినో లేపి, తిట్లు తిన్నాడు. ఎవరి బండిలోనో తన మడత ఒకటి ఇంకా ఉందని తెలిసి కూడా ఆ రెండింటినీ వదిలెయ్యాల్సి వచ్చింది.

నెలన్నరకి గోడ దాదాపు ఖాళీ అయింది. మసి నంబర్లు రెండూ, కింద నుంచి నాలుగో వరసలో ఒకటీ మిగిలాయి.

షెడ్డు మూలన తెల్లకారు మీద టార్పాలిన్ కప్పి ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా దేవదానం నెమ్మదిగా నడిచేవాడు. పక్కన సుత్తి పడితే పనివాళ్ళని కసిరేవాడు. కొత్త రిలే కొని అట్టపెట్టెతో సహా బల్ల సొరుగులో పెట్టుకున్నాడు. భ్రమరాంబ నుంచి కబురు లేదు. ఆవిడ నంబరు అడిగి తీసుకోలేదన్న సంగతి అతనికి ఆలస్యంగా గుర్తొచ్చింది. మళ్ళీ ఊరికి వెళ్ళే మొహం లేదు.

ఒక శనివారం మధ్యాహ్నం, టీ చల్లారిపోతుంటే, ఫోన్ తీసి గోడ మీదున్న నాగభూషణం నంబరు నొక్కాడు. ఎవరూ ఎత్తరని తెలుసు. ఎప్పుడో చెయ్యాల్సిన ఫోను, ఒక్కసారైనా చేసేస్తే ఈ గోడ తన వంక చూడటం మానేస్తుందేమోనన్న ఆశ.

మోగింది. నాలుగుసార్లు మోగాక ఎవరో ఎత్తారు. అవతల గాలి, దూరంగా ఒక కోడి అరుపు. మాట లేదు.

దేవదానం లేచి నిలబడ్డాడు.

"ఆటోనగర్ నుంచండి. దేవదానాన్ని. పార్టు వచ్చింది."

అవతల ఊపిరి తీసుకోవడం వినబడింది. అతను ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. భ్రమరాంబ గొంతు, మెల్లగా, ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఫోనుకి బదులు చెబుతున్నట్టే అడిగింది.

"ఎన్నింటికి రమ్మంటారు?"